బొగ్గు రేవు ప్రేమకథలు

ఇంగ్లండ్ ఈశాన్య మూలన టైన్ నది ఉత్తర సముద్రంలో కలుస్తుంది. ఆ సంగమం దగ్గర దక్షిణపు ఒడ్డున ఉన్న ఊరు సౌత్ షీల్డ్స్. నది వెంట కాస్త పడమరకు పోతే జారో. రెంటికీ నడుమ టైన్ డాక్ అనే బొగ్గు రేవు, దాన్ని ఆనుకుని ఈస్ట్ జారో అనే కార్మికవాడ. బొగ్గు, ఇనుము, ఓడ తప్ప నాలుగో మాట వినపడని ఈ కాస్త నేల మీద 20వ శతాబ్దం రెండో సగంలో ఒక కొత్త తరహా నవల స్థిరపడింది. పనిపిల్ల, గని కూలీ, ఓడ కళాసీ, పెళ్లికాని తల్లి, గని యజమాని కొడుకు, వీళ్ల చుట్టూ అల్లిన చారిత్రక ప్రేమకథ అది. పుస్తక వ్యాపారులు దాన్ని ‘సాగా’ అన్నారు. ఎగతాళి చేయదలచినవాళ్లు మిల్లు ఆడకూలీల వేషాన్ని బట్టి కొయ్యజోళ్ల, శాలువాల నవల అన్నారు. ఎవరేమన్నా ఈ నవలల్లో ప్రేమ ఒంటరిగా రాదు. కూలి డబ్బు, ఇంటద్దె, ఇంటిపేరు, ఈ మూడింటిలో ఏదో ఒకదాన్ని వెంటబెట్టుకునే వస్తుంది. రాజాస్థానాల్లోనూ సముద్రపు దొంగల ఓడల్లోనూ నడిచే చారిత్రక ప్రేమకథలకూ దీనికీ ఉన్న తేడా అదే.

పరిశ్రమనూ ప్రేమనూ ఒకే కథలో ముడివేయడం ఇక్కడ పుట్టిన పద్ధతి కాదు. వందేళ్ల ముందే ఇద్దరు స్త్రీలు ఆ పని చేశారు. 1849లో వచ్చిన షార్లెట్ బ్రాంటీ నవల ‘షర్లీ’ యార్క్‌షైర్ ఉన్ని మిల్లుల కథ. అది తన కాలపు కథ కూడా కాదు. 1811-12లో, నెపోలియన్ యుద్ధాల వల్ల వ్యాపారం స్తంభించి, కొత్త యంత్రాలు తమ కూడు తీస్తున్నాయని కూలీలు వాటిని విరగ్గొట్టిన రోజుల్లో నడుస్తుంది. 1812 ఏప్రిల్‌లో రాఫోల్డ్స్ మిల్లు మీద జరిగిన దాడి అందులోని మిల్లు ముట్టడికి ఆధారం. కథానాయకుడు రాబర్ట్ మూర్ అప్పుల్లో కూరుకుపోయి, మనసు ఒకరి మీద ఉండగా ఆస్తి ఉన్న షర్లీని పెళ్లికి అడుగుతాడు, చీవాట్లు తింటాడు. అంతకుముందు మగవాళ్ల పేరుగా ఉన్న ‘షర్లీ’ ఆడపేరుగా మారడం ఈ నవల చేసిన చిత్రమైన మేలు.

రెండో రచయిత్రి ఎలిజబెత్ గాస్కెల్. మాంచెస్టర్‌లో మతబోధకుడి భార్యగా ఆమె మిల్లు కూలీల ఇళ్లు దగ్గరగా చూసింది. ‘మేరీ బార్టన్’ 1848లో వచ్చింది. 1854-55లో డికెన్స్ వారపత్రికలో ‘నార్త్ అండ్ సౌత్’ ధారావాహికగా నడిచింది. మిల్టన్ అని మారుపేరు పెట్టిన మాంచెస్టర్‌లో పత్తి మిల్లు యజమాని థార్న్‌టన్‌కూ, దక్షిణాది నుంచి వచ్చిన మార్గరెట్‌కూ నడిచే కథ అది. (ఆ మిల్లులు తెలుగు నేలకు బొత్తిగా పరాయివి కావు. 1861-65 అమెరికా అంతర్యుద్ధంలో వాటికి పత్తి కరవైనప్పుడు ఇక్కడి పత్తికి వచ్చిన గిరాకీ కాకినాడ రేవు పెరగడానికి ఒక కారణం.) సమ్మె, అల్లరిమూక, రాయి దెబ్బ, దివాలా అన్నీ అయ్యాక చివరి ఘట్టంలో మార్గరెట్ తన ప్రేమను చెప్పే తీరు గమనించదగ్గది. తనకు వారసత్వంగా వచ్చిన సొమ్మును అతని మిల్లుకు అప్పుగా ఇస్తానంటుంది. వడ్డీ లెక్క చెబుతూ చెబుతూ ఆమె గొంతు వణుకుతుంది. పారిశ్రామిక ప్రాంతపు ప్రేమకథకు ఇంతకన్నా నిక్కమైన ముగింపు తర్వాతి వాళ్లెవరూ రాయలేదు.

అయితే బ్రాంటీ పురోహితుడి కూతురు, గాస్కెల్ పురోహితుడి భార్య. ఇద్దరూ కార్మికుడి ఇంట్లోకి తలుపు తట్టి వెళ్లినవాళ్లే. ఆ ఇంట్లో పుట్టి, అంట్లు తోమి, బట్టలు ఉతికిన పిల్ల కలం పట్టడానికి మరో వందేళ్లు పట్టింది. ఆ పిల్ల టైన్ డాక్‌లో పుట్టింది.

టైన్ బొగ్గు మధ్యయుగాల నుంచీ ఓడలెక్కి లండన్ పొయ్యిల్లోకి పోతూ వచ్చింది. అవసరం లేని చోటికి సరుకు మోయడాన్ని ఇంగ్లిషువాళ్లు న్యూకాసిల్‌కు బొగ్గు మోయడమంటారు. మొదట్లో గని నుంచి నది దాకా కొయ్యపట్టాల మీద గుర్రపుబళ్లు, నది నుంచి ఓడ దాకా కీల్ అనే పడవలు బొగ్గును చేరవేసేవి. 1859లో రైల్వే కంపెనీ టైన్ డాక్ తెరిచాక బళ్లతో, పడవలతో పని లేకపోయింది. నీటి మీదికి పొడుచుకొచ్చిన ఎత్తైన కొయ్యవంతెనల మీదికి రైలుపెట్టెలు వచ్చి నిలిచేవి. అడుగు తెరిస్తే బొగ్గు జాలుగా ఓడ కడుపులోకి దిగేది. 20వ శతాబ్దపు తొలి ఏళ్లలో ఈ ఒక్క రేవు ఏటా 70 లక్షల టన్నుల పైచిలుకు బొగ్గు ఎగుమతి చేసింది.

జారోది ఇంకో కథ. అక్కడ చార్లెస్ పామర్ పెట్టిన షిప్‌యార్డ్ 1852లో ‘జాన్ బోవ్స్’ అనే ఇనుప ఆవిరి ఓడను నీట దించింది. గాలి కోసం కాచుక్కూచునే తెరచాప ఓడలకు వారాలు పట్టే బొగ్గు ప్రయాణాన్ని అది రోజుల్లోకి తెచ్చింది. ఇనుప రాయి ఒక గేటులోంచి లోపలికి వస్తే ఓడ ఇంకో గేటులోంచి బయటికి పోతుందని చెప్పుకునేంతగా యార్డ్ పెరిగింది. 1851లో 4 వేలు కూడా లేని జారో జనాభా ఆ శతాబ్దం పూర్తయ్యేసరికి 30 వేలు దాటింది. అలా వచ్చిన జనంలో ఐర్లండ్ కరవు నుంచి పారిపోయి వచ్చిన కాథలిక్కులు ఎందరో. వీధికొక చర్చి, మూలకొక సారాయి కొట్టు, కాథలిక్కులకూ ప్రొటెస్టెంట్లకూ మధ్య పిల్లల రాళ్ల యుద్ధాల దాకా పోయే వైరం. రేవులో పని రోజుకూలీ. పొద్దున్నే గేటు ముందు నిలబడితే మేస్త్రీ వేలు చూపించినవాడికి ఆ పూట పని, మిగతావాళ్లు ఇంటికి. శనివారం కూలి చేతికొచ్చాక కుదువ కొట్టు నుంచి కోటు ఇంటికి రావాలి, సోమవారం అద్దె కోసం మళ్లీ కొట్టుకు పోవాలి.

ఈ బతుకులో అందరికన్నా అడుగున ఉన్నది పెళ్లికాని తల్లి. 1834 నాటి పేదల చట్టం అలాంటి బిడ్డ భారాన్ని పూర్తిగా తల్లి నెత్తినే వేసింది. తండ్రి నుంచి పోషణఖర్చు అడిగే దారి 1844లో కొంత తెరుచుకున్నా, కోర్టు మెట్లెక్కి పదిమందిలో ఆ మాట చెప్పే ధైర్యం కొద్దిమందికే ఉండేది. మిగతావాళ్లకు మిగిలింది వర్క్‌హౌస్. తిండీ గూడూ ఇచ్చి, అందుకు బదులుగా చాకిరీ చేయించుకుని, లోపలికి రాగానే భార్యాభర్తల్నీ తల్లీపిల్లల్నీ విడదీసే పేదల కొట్టం అది. ఆకలికన్నా దానికే ఎక్కువ భయపడాలన్నది దాన్ని కట్టినవాళ్ల ఉద్దేశం, అది బాగానే నెరవేరింది.

కేట్ ఫాసెట్ గేట్స్‌హెడ్ దగ్గర లేమ్స్‌లీలో ఒక సత్రంలో పనిచేసేది. పెద్దమనిషిలా కనిపించిన ఒకడు ఆమెను నమ్మించి వెళ్లిపోయాడు. 1906 జూన్‌లో టైన్ డాక్‌లోని లీమ్ లేన్‌లో ఆమెకు ఆడపిల్ల పుట్టింది. కేట్ తల్లి రోజ్, సవతి తండ్రి జాన్ మెక్‌ముల్లెన్ ఆ పిల్లను తమ బిడ్డగా పెంచారు. తాతను నాన్న అంటూ, అమ్మమ్మను అమ్మ అంటూ, కన్నతల్లిని అక్క అనుకుంటూ ఆ పిల్ల పెరిగింది. ఏడేళ్ల వయసులో నిజం తెలిసింది, అదీ ఇంట్లోవాళ్లు చెప్పగా కాదు, వీధిలో ఆడుకునే పిల్లలు ఎకసెక్కం చేయగా. తర్వాతి కాలంలో కేథరిన్ కుక్‌సన్‌గా ప్రపంచం ఎరిగిన రచయిత్రి ఆ పిల్లే.

కుటుంబం ఈస్ట్ జారోలో విలియం బ్లాక్ వీధికి మారింది. కేట్‌కు తాగుడు అలవాటైంది. సీసా నింపించుకు రావడానికీ, ఇంట్లోని సామాను కుదువ పెట్టడానికీ పిల్లనే పంపేవాళ్లు. 14 ఏళ్ల లోపు పిల్లల దగ్గర కుదువ పట్టకూడదని చట్టం. అందుకని కొట్టు బయట నిలబడి, తన తరఫున సామాను లోపల పెట్టే పెద్దవాళ్లెవరినైనా బతిమాలి, వాళ్ల చేతిలో చిల్లర పెట్టాల్సి వచ్చేది. ఆ కొట్టు గుమ్మం తర్వాత ఆమె నవలల్లో పదేపదే కనిపిస్తుంది.

14 ఏళ్లకే బడి ముగిసింది. ఇళ్లల్లో పనిపిల్లగా చేరింది, కొన్నాళ్లు కుషన్ల మీద బొమ్మలు వేసింది, చివరకు సౌత్ షీల్డ్స్ హార్టన్ వర్క్‌హౌస్ లాండ్రీలో వచ్చీపోయే బట్టల లెక్క చూసే ఉద్యోగంలో కుదురుకుంది. జీవితమంతా భయపెట్టిన చోటే జీతం ఇచ్చింది. చదువుకు దారి చూపింది మాత్రం ఒక చవకబారు ప్రేమ నవల. ఎలినార్ గ్లిన్ రాసిన ఆ నవలలో పైకెదగాలనుకునే ఒక అమ్మాయికి లార్డ్ చెస్టర్‌ఫీల్డ్ తన కొడుక్కి రాసిన లేఖలు చదవమని సలహా దొరుకుతుంది. లాండ్రీ పిల్ల ఆ సలహాను తనకే చెప్పినట్టు తీసుకుంది. మొదటిసారి పబ్లిక్ లైబ్రరీలో అడుగుపెట్టి ఆ లేఖలు అడిగి తెచ్చుకుంది. 18వ శతాబ్దపు ఒక ప్రభువు తన అక్రమ సంతానానికి రాసిన లేఖలవి. ఆయన మర్యాదలు నేర్పాలనుకున్న కొడుకు పెద్దగా బాగుపడలేదు గాని, ఆ చదువు ఫలితం మరో పెళ్లికాని తల్లి బిడ్డకు దక్కింది.

1929లో ఆమె దక్షిణాదికి వెళ్లిపోయింది. హేస్టింగ్స్ వర్క్‌హౌస్ లాండ్రీకి పెద్దగా పనిచేస్తూ పైసా పైసా కూడబెట్టి పెద్ద ఇల్లు కొని, గదులు అద్దెకిచ్చింది. అలా అద్దెకు దిగినవాళ్లలో టామ్ కుక్‌సన్ అనే స్కూలు మాస్టారు ఒకడు. 1940 జూన్‌లో వాళ్ల పెళ్లయింది, అప్పటికి ఆమెకు 34వ ఏడు. తర్వాతి కొన్నేళ్లలో నాలుగుసార్లు గర్భం పోయింది. రక్తనాళాలు చిట్లి ముక్కు నుంచీ నాలుక నుంచీ రక్తం కారే వంశపారంపర్య జబ్బు బయటపడింది. మనసు పూర్తిగా కుంగిపోయింది, ఆసుపత్రిలో కరెంటు షాకులు కూడా ఇచ్చారు. ఇంటికొచ్చాక ఆ చీకటి నుంచి బయటపడటానికి ఆమె రాయడం మొదలుపెట్టింది.

తొలి రాతల్లో దొరలూ దొరసానులే ఉన్నారు. తనకు తెలియని ఆ లోకం కాగితం మీద నిలవలేదు. తెలిసినదానికి తిరిగి వచ్చాక 1950లో తొలి నవల ‘కేట్ హానిగన్’ అచ్చయింది. నాయిక పెళ్లికాని తల్లి, పేరు కేట్, కన్నతల్లి పేరే. పురిటికి వచ్చిన డాక్టరు ఆమెను ప్రేమిస్తాడు. నిజ జీవితంలో కేట్‌కు దొరకని డాక్టరును కూతురు నవలలో తెచ్చి ఇచ్చింది. ‘మా కేట్’ అనే అర్థం వచ్చే పేరుతో స్వీయచరిత్రను మాత్రం ఎన్నోసార్లు తిరగరాసి, తల్లి పోయాక ఎప్పటికో, 1969లో బయటపెట్టింది. కుక్‌సన్ పుస్తకాల్లో ఒక్కటే మిగలాలంటే మిగలవలసింది అదే. నవలల్లో కరిగిపోయే కోపం అందులో గడ్డకట్టి ఉంటుంది.

నవలల నిర్మాణం చూస్తే అంతటా ఒకే మెట్ల దారి కనిపిస్తుంది. పై మెట్టు మీద ఒకరు, కింది మెట్టు మీద ఒకరు. 1952 నాటి ‘ది ఫిఫ్టీన్ స్ట్రీట్స్’లో రేవు కూలీ జాన్ ఒబ్రయన్ చదువుకున్న పంతులమ్మను ప్రేమిస్తాడు. అతని మురికివాడకూ ఆమె ఇంటికీ దూరం పది నిమిషాల నడక, కానీ తీరు చూస్తే రెండు దేశాల మధ్య ప్రయాణం. 1953లో వచ్చిన ‘కలర్ బ్లైండ్’ ఇంకా సాహసించింది. తెల్లపిల్ల ఒక నల్ల ఓడ కళాసీని పెళ్లాడి ఇంటికి తీసుకొస్తుంది. అది ఊహలోంచి ఊడిపడిన సంగతి కాదు. యెమెన్ నుంచీ ఆఫ్రికా నుంచీ వచ్చిన కళాసీలు సౌత్ షీల్డ్స్ రేవు వీధుల్లో కాపురాలు పెట్టారు. 1919లోనూ 1930లోనూ పనుల కోసం అక్కడ కొట్లాటలు జరిగాయి. ఆ రోజుల్లో బజారు ప్రేమ నవలలు ఇలాంటి పెళ్లి జోలికి పోలేదు.

1960ల నుంచి ఆమె చూపు తన చిన్ననాటి కాలం దాటి వెనక్కి వెళ్లింది. 1967 నాటి ‘కేటీ ముల్‌హాలండ్’లో గని యజమాని ఇంట గిన్నెలు తోమే పిల్ల, ఆ ఇంటి మగవాడి బలాత్కారానికి గురై, ఒక నార్వే నావికుడి తోడుతో పైకి వస్తుంది. కథ 1860లో మొదలై రెండో ప్రపంచయుద్ధం దాకా సాగుతుంది. జారో షిప్‌యార్డ్ ఎదగడం, కూలిపోవడం దానికి తోడు కథగా నడుస్తాయి. ‘ది డ్వెల్లింగ్ ప్లేస్’లో 1830లలో తల్లిదండ్రులు పోయిన ఒక పదిహేనేళ్ల పిల్ల తమ్ముళ్లనూ చెల్లెళ్లనూ వర్క్‌హౌస్‌కు అప్పగించడం ఇష్టంలేక కొండగుహలో కాపురం పెడుతుంది. 1984 నాటి ‘ది బ్లాక్ వెల్వెట్ గౌన్’ వీటన్నిటిలో మెరుగైనది. గని కార్మికుడి విధవ రియా మిల్లికన్‌కు చదువు వచ్చు. మొగుడు నేర్పించాడు. చదువు వచ్చిన కూలీ అంటే యజమానులకు గిట్టదు. ఆమె కూతురు బిడ్డీ ఒక దొరవారి లాండ్రీలో చేరి, తోటి పనివాళ్లకు చాటుగా అక్షరాలు దిద్దిస్తుంది, అందుకు శిక్ష అనుభవిస్తుంది. బట్టల ఆవిరి మధ్య ఆ అక్షరాభ్యాసం ఎక్కడిదో చెప్పనక్కర్లేదు. ఆ నవలలో ప్రేమకథ కన్నా ఈ భాగమే నిలుస్తుంది.

చరిత్రకారుడు ఈ నవలల్ని కళ్లు మూసుకుని నమ్మకూడదు. 1980-82లో వచ్చిన ‘టిల్లీ ట్రాటర్’ నవలాత్రయం 1830ల డరమ్ సీమలో మొదలవుతుంది. నాయిక బతుకుతెరువు కోసం గనిలోకి దిగుతుంది, యజమానితో పాటు భూగర్భంలో చిక్కుకుపోతుంది. కథకు అది ప్రాణం. కానీ అప్పటికి చాలాకాలం ముందే డరమ్, నార్తంబర్లాండ్ గనుల్లో ఆడవాళ్లు భూగర్భంలో పనిచేయడం ఆగిపోయింది. 1842 నాటి విచారణ సంఘం గనుల్లో ఆడవాళ్లను చూసింది స్కాట్లాండ్‌లో, యార్క్‌షైర్‌లో, లాంకషైర్‌లో, సౌత్ వేల్స్‌లో. ఆ ఏడాది చట్టం వాళ్లను పైకి రప్పించింది. ‘మాలెన్’ నవలాత్రయంలోనూ అంతే. భూస్వామి అక్రమ సంతానమందరికీ తలలో తెల్లపాయ ఉంటుందన్న ఊహ కథకు అందం, అంతవరకే. కుక్‌సన్‌కు గట్టిగా తెలిసినవి కూలి లెక్క, ఇంటి లోపలి అమరిక, సారాయి కొట్టు మాట. 1906కు ముందరి కాలాన్ని ఆమె పుస్తకాల నుంచి తెచ్చుకుంది, ఆ కుట్టు అక్కడక్కడా బయటపడుతుంది.

యాసను మాత్రం తూచి వాడింది. టైన్‌సైడ్ మాట ఉన్నదున్నట్టు రాస్తే లండన్ పాఠకుడికి సగం అందదు. అందుకని బిడ్డను ‘బెయిర్న్’ అనడం, ముద్దుగా పిలవడానికి ‘హిన్నీ’ అనడం లాంటి మాటలు ఉప్పులా చల్లి, వాక్యపు లయతో మిగతాది పలికించింది. తనను ప్రేమ నవలల రచయిత్రి అంటే ఆమెకు ఒళ్లు మండేది. తాను రాసేది ఈశాన్యపు సామాజిక చరిత్ర అనేది. ఇందులో సగం నిజం. ప్రేమను తీసేస్తే ఆ చరిత్రను ఇంతమంది చదివి ఉండేవాళ్లు కాదన్నది మిగతా సగం.

చదివినవాళ్ల లెక్క అసాధారణమే. దాదాపు వంద పుస్తకాలు, 10 కోట్లకు పైగా ప్రతులు. అంతకన్నా విలువైన లెక్క లైబ్రరీలది. పుస్తకం అరువు వెళ్లిన ప్రతిసారీ రచయితకు కొంత చెల్లించాలని బ్రిటన్‌లో 1979లో చట్టం వచ్చింది, 1984 నుంచి చెల్లింపులు మొదలయ్యాయి. దానికోసం ఎవరి పుస్తకం ఎన్నిసార్లు బయటికి పోతోందో లెక్క తీయవలసి వచ్చింది. అప్పుడు బయటపడింది, సాహిత్య పత్రికలు పేరెత్తని ఈ రచయిత్రే దేశంలో అందరికన్నా ఎక్కువగా చదువుతున్న రచయిత అని. వరసగా 17 ఏళ్లు ఆమెదే మొదటి స్థానం. ఒక్కొక్కరికి ఇచ్చే మొత్తానికి గరిష్ఠ పరిమితి ఉండటంతో ఆమె లక్షల అరువుల్లో చాలా భాగానికి డబ్బు రాలేదు. 

తెర మీదికి టైన్‌సైడ్ ఆలస్యంగా వచ్చింది. 1950లలో ఆమె నవలలు రెండు సినిమాలయ్యాయి. ఒకదాన్ని బెల్‌ఫాస్ట్ షిప్‌యార్డుకు, రెండోదాన్ని డబ్లిన్‌కు తరలించారు. జారో పేరు చెబితే టిక్కెట్లు తెగవనుకున్నారు కాబోలు. 1979లో ‘ది మాలెన్స్’ టీవీకి వచ్చింది. 1989లో ‘ది ఫిఫ్టీన్ స్ట్రీట్స్’తో మొదలుపెట్టి స్థానిక టీవీ సంస్థ టైన్ టీస్ కోసం తీసిన చిత్రాలు పన్నెండేళ్ల పాటు ఆదివారం రాత్రుల్ని ఆక్రమించాయి. ‘ది బ్లాక్ వెల్వెట్ గౌన్’కు అంతర్జాతీయ ఎమ్మీ దక్కింది.

ఈ కీర్తి వచ్చిన కాలాన్ని గమనించాలి. పామర్ యార్డ్ 1933లోనే మూతపడింది. జారోలో పదిమంది మగవాళ్లలో ఏడుగురు పనిలేకుండా నిలబడ్డారు. 1936 అక్టోబరులో 200 మంది పని కోరుతూ లండన్‌కు కాలినడకన వెళ్లారు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత కొంత కోలుకున్నా, 1960ల నుంచి గనులూ యార్డులూ ఒక్కొక్కటే తలుపులు మూశాయి. టైన్ డాక్ కొయ్యవంతెనలు కూల్చేశారు. 1984-85 గని కార్మికుల సమ్మె ఓడిపోయాక మిగిలిన గనుల రోజులు కూడా లెక్కకొచ్చాయి. కుక్‌సన్ నవలల అమ్మకం సరిగ్గా ఈ దశాబ్దాల్లోనే పైపైకి పోయింది. చిన్నప్పుడు తప్పించుకోవాలనుకున్న వీధి కూల్చివేతల జాబితాలో చేరాక, అదే వీధి కథగా కావాల్సి వచ్చింది. 1980లలో సౌత్ టైన్‌సైడ్ పాలకమండలి ఆ ప్రాంతానికి ‘కేథరిన్ కుక్‌సన్ సీమ’ అని పేరు పెట్టి దారి పొడవునా బోర్డులు నాటింది. సౌత్ షీల్డ్స్ మ్యూజియంలో ఆమె బాల్యపు వంటగదికి నమూనా కట్టారు. బొగ్గూ ఓడలూ పోయాక ఆ ఊరు పాత బీదరికాన్నే యాత్రికులకు అమ్మకానికి పెట్టింది. అది స్థానికుల్లో కొందరికి నచ్చలేదు, కారణం లేకపోలేదు.

దారి పడ్డాక నడిచేవాళ్లు వచ్చారు. 1979లో బార్బరా టేలర్ బ్రాడ్‌ఫర్డ్ ‘ఎ వుమన్ ఆఫ్ సబ్‌స్టాన్స్’లో యార్క్‌షైర్ పనిపిల్లను మహా వ్యాపారిగా మార్చింది. అందులో మెట్లన్నీ పైకే, అందుకే అది అమెరికాలోనూ అమ్ముడుపోయింది. 1987 నుంచి జోసెఫిన్ కాక్స్ తన ఊరు బ్లాక్‌బర్న్ మిల్లు వీధుల్ని నవలలకెక్కించింది. లివర్‌పూల్‌కూ బర్మింగ్‌హామ్‌కూ వాటి వాటి రచయిత్రులు ఏర్పడ్డారు. ప్రతి పారిశ్రామిక పట్టణానికీ ఒక అరలో వరస పుస్తకాలు, అట్ట మీద శాలువా కప్పుకున్న అమ్మాయి, వెనక పొగగొట్టాలు. వీటిలో చాలావాటిని ఊరి పేరు మార్చి చదివినా తేడా తెలియదు. 2001లో జానెట్ మాక్లౌడ్ ట్రాటర్ ‘ది జారో లాస్’తో మొదలుపెట్టిన నవలాత్రయానికి మాత్రం ప్రత్యేకత ఉంది. అది కుక్‌సన్ సొంత కుటుంబం మీదే అల్లిన కథ. కల్పన రాసిన మనిషి వంశమే కల్పనలోకి వెళ్లింది.

కుక్‌సన్ దంపతులు 1970లలో తిరిగి ఈశాన్యానికి వచ్చేశారు. చూపు మందగించాక ఆమె టేపులో చెబుతూ పోయింది, టామ్ అక్షరాలు సరిచూశాడు. 1993లో ఆమెకు డేమ్ బిరుదు వచ్చింది. న్యూకాసిల్ విశ్వవిద్యాలయానికి ఆమె ఇచ్చిన విరాళాల్లో కొంత వైద్య పరిశోధనకు వెళ్లింది. 1998 జూన్ 11న, 92 నిండడానికి కొద్దిరోజుల ముందు, న్యూకాసిల్‌లోని జెస్మండ్‌లో ఆమె కన్నుమూసింది. 17 రోజులకు టామ్ పోయాడు. లైబ్రరీ లెక్కల్లో ఆమె మొదటి స్థానం మరికొన్నేళ్లు కదల్లేదు. చివరకు దాన్ని తీసుకున్నది పిల్లల రచయిత్రి జాక్వెలిన్ విల్సన్.

హార్టన్ వర్క్‌హౌస్ ఉన్న స్థలంలో ఇప్పుడు జిల్లా ఆసుపత్రి నడుస్తోంది. విలియం బ్లాక్ వీధిలోని ఇల్లు లేదు. దాని ఎదుటి జారో స్లేక్ బురదమేటను పూడ్చేశారు, దాని మీద ఓడ ఎక్కబోయే నిస్సాన్ కార్లు బారులు తీరి ఉంటాయి. సౌత్ షీల్డ్స్ చివరి గని వెస్టో 1993లో మూతపడింది. ఆ తర్వాత కొన్నేళ్లకు టైన్ డాక్‌కు బొగ్గు ఓడలు మళ్లీ రావడం మొదలైంది, విదేశీ బొగ్గు దింపడానికి.